అటక మీది తొట్టెల

బోనాలకు కాగితపు ఊయలలు కట్టే మా పక్కింటి తొట్టెలాయన గడిచిన సోమవారం పొద్దున కన్నుమూశారు. కబురు తెలిసి చెప్పులైనా వేసుకోకుండా ఉరికాను. ఏడుద్దామని పోయినవాణ్ని, కొట్లాడి వచ్చాను. ఆ కోపం ఇంకా దిగలేదు.

వెనక వాకిట్లో ఆయన చివరి స్నానానికి నీళ్లు కాగుతున్నాయి. ఆయన అల్లుడు అటక మీది తొట్టెలను దించి పొయ్యిలో పెడుతున్నాడు.

“ఏం జేస్తున్నవయ్యా?”

“పాత కాయితాలు, పుల్లలు కాకా. జల్ది అంటుకుంటయి.”

ఎట్లా చెప్పేది ఆ మూర్ఖుడికి! అది నా మొక్కు.

నలభై ఏడేళ్లు వచ్చేదాకా నాకు పిల్లల్లేరు. బిడ్డ పుడితే లాల్‌దర్వాజా అమ్మవారికి బోనాల నాడు తొట్టెల ఎక్కిస్తానని మొక్కాను. పుట్టింది! నా బంగారు తల్లి, నా ఇంటి దీపం! ఆ సంతోషానికి రూపం కట్టింది ఈయనే. వెదురు పుల్లల గూడు, రంగు కాగితాలు, నాలుగు మూలలా చిలుకలు, లోపల చిన్న కాగితపు ఊయల. ఊపిరి తగిలినా ఊగేది.

బోనాల పొద్దున దాన్ని తేవడానికి డప్పులతో పోతే, ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

“ఇది ఇయ్య తమ్మీ. నీకు ఇంకోటి కట్టిన, గది తీస్కపో.”

“అమ్మోరి సొమ్ము ఇంట్ల దాస్కుంటవా? సిగ్గున్నదా అన్నా?”

“లేదు. కట్టేటప్పుడు అమ్మకే అనుకున్న. కట్టినంక ఇయ్యనీకి చెయ్యి వస్తలేదు. రేపు చెత్తకుప్పల పడేస్తరు, తెల్సు గద.”

వాడకట్టంతా వినేలా తిట్టాను.  ఆయన రెండోదాన్ని తానే గుడిదాకా మోశారు. అక్కడ నా చేతిలోని పాప బుగ్గ తాకి, “ఇసొంటి బొమ్మ కట్టుడు నాతోని కాదు తమ్మీ” అన్నారు. నా కోపం సగం అక్కడే పోయింది.

ప్రతి ఆషాఢంలో అటక మీది ఆ మొదటిదాన్ని దించి, దుమ్ము ఊది, వెలిసిన చిలుకకు కొత్త కాగితం అంటించి, “ఈ యేడు పంపుతా” అనేవారు.

“పంపుతవ్, పంపుతవ్! పెండ్లి జేసి పంపుతవ్!” అనేవాణ్ని. నవ్వి మళ్లీ అటకెక్కించేవారు.

అమ్మవారికే ఇవ్వడానికి ఆయనకు మనసొప్పనిదాన్ని పొయ్యికి ఇస్తారా? మనిషి ఇంకా గుమ్మం దాటలేదు! పడేస్తారనే కదా ఆయన పదేళ్లు దాచింది! మంటలోంచి చేత్తో లాగాను. దాని ఒక మూలనున్న కాలు కాలిపోయింది. నా వేళ్లు బొబ్బలెక్కాయి.

“పిచ్చి లేసిందా కాకా?” అన్నాడు అల్లుడు.

లేసింది మరి!

ఇప్పుడది మా ఇంట్లో ఉంది. ఐదో తరగతి చదివే నా బిడ్డ కాలిన మూలకు చీపురు పుల్లలు కట్టింది. ఎంత పనితనమో ఆ చేతుల్లో!

“బాపూ, తాత తొట్టెల వచ్చే బోనాలకు గుడికి పంపుదామా?” అంది.

మొక్కు నాది. ఆ రోజు తిట్టిన నోరూ నాదే.

“సూద్దాం బిడ్డా” అన్నాను.

ఎట్లా నిలబెట్టినా అది వీధి తలుపు వైపే ఒరుగుతోంది. తలుపు తీసినప్పుడల్లా లోపలి ఊయల కదులుతోంది.