షట్టర్ వెనక జ్యోతిక

దిల్‌సుఖ్‌నగర్‌లో జోగారావు డీటీపీ సెంటర్‌కి కిటికీ లేదు. మూడు గోడలు, ఒక షట్టరు, అంతే. జ్యోతిక అందులో తొమ్మిదేళ్లు టైపు చేసింది. కోచింగ్ సెంటర్లలో మాలాంటి లెక్చరర్లు కోడి కెలికినట్టు రాసిచ్చే నోట్సు ఆమె చేతిలో పడితేనే పుస్తకమయ్యేది. తెర మీద పది విండోలు తెరుచుకుని, ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి పోతూ పనిచేసేది. పని లేనప్పుడు అన్నీ మూసేసి, కంప్యూటర్‌తోపాటే వచ్చిన పచ్చగుట్ట బొమ్మను చూస్తూ కూర్చునేది.

"జర చిన్న కిటికీ పెట్టియ్యుండ్రి సార్" అని ఎన్నిసార్లు అడిగిందో.

"వెనక పక్కవాళ్ల గోడ కదమ్మా, నేనేం చెయ్యను?" అనేవాడు జోగారావు.

నల్గొండ పల్లె నుంచి తమ్ముడు మధును వెంటబెట్టుకొచ్చి, మలక్‌పేటలో గది కిరాయికి తీసుకుని, వాణ్ని డిగ్రీ దాకా చదివించింది. వాడు ఉద్యమంలో తిరుగుతుంటే మురిసిపోయేది. ఆమెకూ తెలంగాణ కావాలి. కానీ బంద్ పిలుపు వచ్చిన ప్రతిసారీ జోగారావు పొద్దున్నే ఆమెను లోపల కూర్చోబెట్టి, బయట తాళం వేసి, కర్మన్‌ఘాట్‌లోని ఇంటికి పోయేవాడు.

"సాయంత్రం ఆరింటికి వచ్చి తీస్తాను. ఎవరొచ్చినా పలక్కమ్మా."

రానంటే ఉద్యోగం పోతుంది. లోపల బాత్రూం లేదు కాబట్టి ఆ రోజుల్లో నీళ్లు తాగేది కాదు. తమ్ముడికి మాత్రం సరూర్‌నగర్‌లో స్నేహితురాలింట్లో ఉంటానని చెప్పేది. ఇదంతా మా నోట్సు కోసమే. పరీక్షలొస్తున్నాయని తొందరపెట్టింది నేనే. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సకల జనుల సమ్మె అప్పుడు ఒక బంద్ నాడు, మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. ఎల్బీనగర్ వైపు పోతున్న ఊరేగింపు సరిగ్గా అప్పుడే షట్టరు ముందుకొచ్చింది.

"లోపట ఏందో మోగుతున్నది. ఎవరో పని చేస్తున్నరురా! తాళం పగులగొట్టుండ్రి!"

షట్టరు దడదడలాడింది. జ్యోతిక చటుక్కున యూపీఎస్ ఆపేసింది. సేవ్ చేయని నా పద్దెనిమిది పేజీలు పోయాయి. అవేవని మర్నాడు నేను ఎగిరిపడితేనే ఈ కథంతా చెప్పింది. చీకట్లో, ఉక్కలో, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఒక్క కేక వేస్తే బయటపడొచ్చు. కానీ బంద్ నాడు పనికి పోయిన తెలంగాణ పిల్లగా అందరి ముందూ బయటపడాలి.

"ఆగుండ్రి," అన్న గొంతు మధుది. "ఇది మా అక్క పనిచేసే షాపు. ఆమె ఇయ్యాల రాలే. లోపట ఎవ్వరు లేరు. నడువుండ్రి."

అందరూ వెళ్లిపోయారు. ఆరింటికి రావాల్సిన జోగారావు ఏడింటికి వచ్చి తాళం తీశాడు.

ఇంట్లో మధు అన్నం వండి ఉంచాడు. అక్క చెంబెడు నీళ్లు గటగటా తాగుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

"షట్టరు కొట్టంగనే యూపీఎస్ ఆగింది. దానంతట అది ఆగుతదా అక్కా?"

ఆమె ఇంకో చెంబు ముంచుకుంది.

"లోపట ఉన్నది నువ్వేనని అప్పుడే ఎరుకైంది. నా గొంతు ఇన్నవు గదా. ఒక్కసారి పిలిస్తే నేనే తాళం పగులగొడ్తుంటి. ఎందుకు పిలువలే?"

"ఎట్ల పిలుస్తరా? నేను భయపడ్డది నీకే గదా."