కుడి మీట నొక్కినప్పుడు

సెనిహా ఉస్తా పడవ ఎక్కగానే పనిముట్ల పెట్టె తెరవదు. చెప్పులు గట్టు మీదే విప్పేసి, నీడ చూసుకుని కూర్చుని, టీ అడుగుతుంది. తర్వాత పడవవాడి ముఖంలోకి చూసి, "మొదటినుంచి చెప్పు. ఆ పూట ఏం తిన్నావో అదీ చెప్పు" అంటుంది. తొందర మీదున్న కెప్టెన్లకి ఇది ఒళ్ళుమంట. పంకా తిరగడం లేదు మొర్రో అంటుంటే ఈవిడకి మా తిండి సంగతెందుకని బోజ్‌బురున్ రేవులో సణుక్కోని వాడు లేడు. అలా సణుక్కుంటూనే మళ్ళీ ఆమెనే పిలుస్తారు.

ఆమె సొంతూరు మిలాస్. తండ్రి మోటార్లకి తీగ చుట్టేవాడు. పదేళ్ళ వయసుకే రాగితీగ కోసిన గీతలు ఆమె వేళ్ళ మీద ఉండేవి. పెళ్ళయ్యాక భర్త ఇల్హామీతో ఈ రేవుకి వచ్చింది. అతను పడవల మీద వంటవాడు, వేసవంతా సముద్రం మీదే ఉంటాడు. ఆమె చిన్న గది అద్దెకు తీసుకుని పడవల కరెంటు పని మొదలుపెట్టింది. గోడ మీద బోర్డు చూసి రేవు రేవంతా నవ్వింది. "ఇల్హామీ గరిటె తిప్పుతాడు, పెళ్ళాం స్క్రూడ్రైవర్ తిప్పుతుంది" అని పాట కూడా కట్టారు. అలా కట్టినవాళ్ళలో సగంమంది ఇవాళ ఆమెని ఉస్తా అని పిలుస్తున్నారు. పనిలో చెయ్యి తిరిగినవాళ్ళకే ఇక్కడ ఆ పిలుపు దక్కుతుంది.

అయితే ఆ చెయ్యి ఊరికే తిరగలేదు. మొదటి ఏడాదే సముద్రంలో మునిగి స్పాంజి ఏరే ఒక ముసలి గజ ఈతగాడి పడవకి మోటారు పోయిందని తేల్చి కొత్తది పెట్టించింది. ఆరు వారాలకి ఆ కొత్తదీ అలాగే మూలిగింది. అసలు జబ్బు మైనస్ తీగ కొసలో ఉంది. ఉప్పుకి పచ్చబడి, లోపల పిండి పిండి అయిపోయింది. ఆ కొసని కోసి ఆ ముసలాయన చేతిలో పెట్టి, "తప్పు నాదే, తాతా. చూడకుండా చెప్పాను" అంది సెనిహా. ఆ మాట అనడానికి ఆమెకి ఒక రాత్రీ ఒక పగలూ పట్టింది. అప్పటినుంచి కళ్ళతో చూడనిదే, మీటరుతో కొలవనిదే ఏ వస్తువునీ పోయిందని అనదు. కొలత కూడా పడవ నిద్రపోతున్నప్పుడు తీసుకోదు, పని చేస్తున్నప్పుడే తీసుకుంటుంది.

ఇంతకీ రుస్తెం కెప్టెన్ సంగతి. అతనికి అరవై ఒకటి. "ఇంజి" అనే రెండు తెరచాపల చెక్క పడవని పదకొండేళ్ళుగా నడుపుతున్నాడు. పడవ ఇజ్మీర్‌లో ఉండే నెర్మిన్ హనుం అనే ఆవిడదే అయినా, దాని ఒంటి మీద ప్రతి చెక్కా అతని చేతికి తెలుసు. ఆ మంగళవారం పొద్దున్నే వచ్చి సెనిహా గుమ్మంలో నిలబడ్డాడు. రోజూ కూర్చునే కుర్చీలో కూర్చోలేదు.

"చెల్లెమ్మా, నాకు ముందు పంకా చూసిపెట్టాలి" అన్నాడు.

ముందు పంకా అంటే బో థ్రస్టర్. పడవ ముక్కు కింద, నీళ్ళలో, అడ్డంగా ఉన్న గొట్టంలో తిరిగే పంకా అది. పడవని వెనక్కి నడుపుతూ గట్టుకి చేర్చేటప్పుడు పక్కగాలి ముక్కుని తోసేస్తుంటే, చుక్కాని దగ్గర కుడి మీటో ఎడమ మీటో నొక్కితే అది ముక్కుని అటు పట్టి ఉంచుతుంది.

"దానికేమైంది?"

"ఏమీ కాలేదట. అదే నా గోల."

మొదటినుంచీ చెప్పించింది సెనిహా. కిందటి శనివారం, వరసగా కట్టిన రెండు పడవల మధ్య సందులోకి వెనక్కి వస్తున్నాడు. కుడివైపునుంచి మెల్తెం, ఈ తీరపు వేసవి గాలి, కొడుతోంది. కుడి మీట నొక్కాడు. పంకా ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. ముక్కు ఎడమకి వాలి పక్క పడవని గీసింది, వెనక చెక్కమెట్టు గట్టుకి తగిలి చిట్లింది. గట్టు మీద నెర్మిన్ హనుం అతిథులు నలుగురు చూస్తున్నారు. మర్నాడు మార్మరిస్‌నుంచి మెకానిక్కుని పిలిపిస్తే, అతను ఇరవైసార్లు కుడీ ఎడమా నొక్కి చూశాడు. ఇరవైసార్లూ పంకా శుభ్రంగా తిరిగింది. "మిషన్‌లో లోపం లేదు" అని కాగితం రాసిచ్చి పోయాడు.

"మిషన్‌లో లేకపోతే ఎక్కడున్నట్టు? నాలో ఉన్నట్టేగా" అన్నాడు రుస్తెం. "అమ్మగారు ఫోన్ చేశారు. మర్యాదగానే మాట్లాడారులే. 'కెప్టెన్, మీరు కళ్ళ డాక్టరుకి చూపించుకున్నారా' అని అడిగారు. శుక్రవారం వస్తున్నారు. పడవని నేను గట్టుకి కట్టి చూపించాలట. లేకపోతే సీజన్‌కి మార్మరిస్ కుర్రాడొకడిని మాట్లాడుకున్నారట."

"నువ్వు నొక్కావు కదా?"

రుస్తెం ముఖం చిన్నబోయింది. "నొక్కాననే అనుకుంటున్నాను. రోజుకి వందసార్లు అదే గుర్తు చేసుకుంటున్నాను. ఇప్పుడు నాకే నమ్మకం పోతోంది చెల్లీ."

సెనిహా పనిముట్ల పెట్టె అందుకుంది. పడవ పోతే ఇంకో పడవ దొరుకుతుంది. తన చేతి మీద తనకి నమ్మకం పోయిన కెప్టెన్‌కి ఏ పడవ దొరికి ఏం లాభం?

ఆ రోజంతా ఆమె పడవ ముక్కులోని ఇరుకు అరలో బోర్లా పడుకుంది. పంకా తిరుగుతుండగా మోటారు దగ్గరే కొలిచింది. వోల్టేజి తగ్గాల్సినంతే తగ్గింది, పడిపోలేదు. లావు తీగల కొసలన్నీ బిగువుగా, ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి. మోటారులో అరిగే కార్బన్ బొగ్గు ముక్కలు ఇంకా రెండేళ్ళు వస్తాయి. మార్మరిస్ మెకానిక్కుని తిట్టుకుందామనుకుంది గానీ, అతని తప్పు అక్కడిదాకా ఏమీ కనిపించలేదు.

"ఏమంటుంది?" అని పైనుంచి అడిగాడు రుస్తెం.

"నా అంత ఆరోగ్యం ఎవరికీ లేదంటోంది. దొంగది. గట్టు దగ్గర మర్యాదస్తురాలిలా ఉంది. రేపు మధ్యాహ్నం గాలి లేచాక బయటికి పోదాం. తాళ్ళు పట్టడానికి ఎవరైనా కావాలి."

తాళ్ళు పట్టడానికి టీకొట్టు దుర్సున్ వచ్చాడు. నోరు తప్ప మరేదీ అలుపెరగని మనిషి. బుధవారం మూడింటికి అఖాతం నోటి దగ్గర అలలు తెల్లగా విరుగుతున్నాయి. పంకా పొరపాటున తిరగకుండా సెనిహా పెద్ద ఫ్యూజు తీసి జేబులో వేసుకుంది. చుక్కాని దగ్గరి మీటలనుంచి ముక్కులోని కంట్రోల్ పెట్టెకి సన్నతీగ ఒకటి వస్తుంది. కుడి కబురు ఒక పోగులో, ఎడమ కబురు ఇంకో పోగులో. ఆ రెండింటికీ చెరొక చిన్న దీపం తగిలించింది. కుడి నొక్కితే కుడి దీపమే వెలగాలి.

"నొక్కు!" అని కేకేసింది.

కుడి దీపం వెలిగింది. పడవ ఒక అల ఎక్కి దిగింది. దానితోపాటే ఎడమ దీపం కూడా మిణుక్కుమంది. మళ్ళీ ఒక అల, మళ్ళీ ఎడమ దీపం.

"అన్నా! ఎడమ నొక్కుతున్నావా?"

"లేదు! కుడే!"

"దుర్సున్, చూసి చెప్పు, వేలు ఎక్కడుంది?"

"కుడి మీదే ఉందే అమ్మా! గోరు తెల్లబడేంత నొక్కుతున్నాడు!"

రెండువైపుల కబురూ ఒక్కసారే వస్తే కంట్రోల్ పెట్టె ఏం చేస్తుంది? ఎటూ తిప్పదు, మోటారుని ఆపేస్తుంది. అలా ఆపేయడానికే దాన్ని చేశారు. అంటే దారిలో ఎక్కడో ఆ రెండు పోగులూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి, అదీ పడవ ఊగినప్పుడే. గట్టు దగ్గర ఎవడు ఎన్నిసార్లు నొక్కితే మాత్రం ఏం దొరుకుతుంది?

ఎక్కడ తాకుతున్నాయన్నది మిగిలింది. తీగ పన్నెండు మీటర్ల పొడవున వార్నిష్ వేసిన గోడల వెనక నడుస్తోంది. నెర్మిన్ హనుం ఆ గోడల మీద వేలిముద్ర పడితేనే ఒప్పుకోదు, విప్పుతానంటే ఊరుకుంటుందా? సెనిహా దీపాలకి పొడుగు తీగ కట్టి ముందుగదిలోకి తెచ్చుకుని, మంచం అంచున కూర్చుంది. పైన రుస్తెం మీట వదలకుండా నొక్కే ఉన్నాడు. ఎదురుగోడ మీద అరచేతి వెడల్పున్న నీలం గాజు దిష్టిపూస వేలాడుతోంది. పడవ వాలినప్పుడల్లా పూస గోడనుంచి ఎడంగా వచ్చి మళ్ళీ వెళ్ళి టక్కుమని తగులుతోంది. టక్కుమన్నప్పుడల్లా ఎడమ దీపం వెలుగుతోంది.

సెనిహా లేచి పూసని అరచేత్తో గోడకి అదిమిపట్టింది. పడవ ఎన్ని అలలు ఎక్కినా ఎడమ దీపం వెలగలేదు. వదిలింది. టక్కుమంది, వెలిగింది. ఆమె ఒక్కతే ఆ గదిలో పెద్దగా నవ్వింది.

పూస దించి స్క్రూ విప్పితే, వస్తూనే ఉంది. నాలుగు వేళ్ళ పొడుగు. కొస మీద, తీగలోంచి అంటుకున్న రాగి మెరుపు. దాన్ని పట్టుకుని పైకి వచ్చింది.

"ఇది ఎవరు కొట్టారు?"

రుస్తెం దాని వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "నేనే. ఏప్రిల్లో."

"ఇంత స్క్రూ ఎందుకన్నా? పూసని గోడకి తగిలించావా, గోడని పడవకి బిగించావా?"

"పూస బరువుగా ఉంది మరి. చూసేవాడి కన్ను ముందు పడవ ముక్కు మీదే పడుతుంది కదా, అక్కడే ఉండాలని..." అని దుర్సున్ వైపు తిరిగాడు. "అంతా వీడివల్ల! పదిమందిలో, 'రుస్తెం నలభై ఏళ్ళలో ఒక్క గట్టుకీ గీత పెట్టలేదు' అన్నాడు. దిష్టి తగలకుండా మాషాల్లా అనలేదు!"

"అన్నాను!"

"అనలేదు! నీ నోటి దగ్గరే నిలబడి విన్నాను. ఆ సాయంత్రమే పూస కొన్నాను."

"అనకపోతే మాత్రం నీ గోడలో మేకులు దించమన్నానా?" అని దుర్సున్ ఎదురు తిరిగాడు. ఇద్దరూ కాసేపు సముద్రం దద్దరిల్లేలా పోట్లాడుకున్నారు. సెనిహా మధ్యలోకి పోలేదు. ఉన్నట్టుండి రుస్తెం ఆగిపోయి ఆమె వైపు తిరిగాడు.

"అయితే శనివారం నేను నొక్కాను."

"నొక్కావు."

"కుడే నొక్కాను."

"కుడే నొక్కావన్నా. నీ బదులు ఇరవై ఏళ్ళవాడు నొక్కినా ఆ పంకా ఆగి తీరేది."

రుస్తెం చుక్కాని చక్రం రెండు చేతులా పట్టుకుని దూరంగా కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని మోటార్లు తిప్పినా ఇంత సంతోషం సెనిహాకి ఎప్పుడూ కలగలేదు.

గురువారం పొద్దున ఒక్క పలక మాత్రమే, గీత పడకుండా, విప్పింది. చిల్లుపడ్డ ముక్క కోసేసి, ఒక్కో పోగుని విడిగా కలిపి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, తీగని గోడకి దూరంగా మళ్ళించి కట్టింది. మళ్ళీ అఖాతం నోటిదాకా వెళ్ళి, పడవని ఊపించి మరీ చూసుకుంది. పూసని మెట్ల కమ్మీకి దారంతో కట్టింది. ఇక కాగితం రాయాలి. కలం పట్టుకుని ఆలోచనలో పడింది.

"తీగ ఒరిపిడికి పాడైంది అని రాస్తాను. అబద్ధమేమీ కాదు" అంది.

"ఆమె పడవలో స్క్రూ దించింది నేను. తెలిస్తే దానికే పంపించేస్తుందేమో" అన్నాడు రుస్తెం మెల్లగా. 

"అందుకే అంటున్నా."

ఆమె అలాగే రాసి మడిచి జేబులో పెట్టుకుంది.

శుక్రవారం పదకొండింటికి నెర్మిన్ హనుం తెల్ల టోపీ పెట్టుకుని గట్టు మీద నిలబడింది. కావాలని అడిగి చేయించుకున్నట్టు, గాలి శనివారంలాగే కుడినుంచి కొడుతోంది. "ఇంజి" లంగరు వేసి, అదే సందులోకి వెనక్కి రావడం మొదలుపెట్టింది. ముక్కు ఎడమకి వాలబోయింది. సెనిహా గట్టు మీద తన కుడి బొటనవేలు తనే నొక్కుకుంది. పంకా గుర్రుమంది, ఆగలేదు. ముక్కు తిన్నగా నిలబడింది. రెండు పడవల మధ్య రెండువైపులా మూరెడు మూరెడు ఖాళీతో వచ్చి, "ఇంజి" వెనకభాగం గట్టుకి జానెడు దూరంలో ఆగింది. దుర్సున్ ఈసారి గట్టు అదిరేలా "మాషాల్లా!" అని అరిచాడు.

నెర్మిన్ హనుం నవ్వలేదు. "బాగుంది. మరి కిందటివారం ఏమైనట్టు?" అని సెనిహాని అడిగింది.

సెనిహా జేబులోంచి కాగితం తీసింది. అది విప్పేలోగా రుస్తెం గట్టు మీదికి దిగాడు.

"నేనే అమ్మగారూ. దిష్టిపూస తగిలించబోయి, గోడ వెనక తీగలోకి స్క్రూ దించాను. పడవ ఊగినప్పుడల్లా అదే పంకాని ఆపేసింది. కాగితంలో ఈవిడ ఏం రాసిందో గానీ, జరిగింది ఇదీ."

సెనిహా కాగితాన్ని గుప్పిట్లో నలిపేసింది.

"అంటే ఆ రోజు మీరు సరిగ్గానే నొక్కారు" అంది నెర్మిన్ హనుం.

"సరిగ్గానే నొక్కాను."

"నేను కళ్ళ డాక్టరు మాటెత్తాను."

"ఎత్తారు."

ఆవిడ చెవుల దాకా ఎర్రబడింది. టోపీ తీసింది, మళ్ళీ పెట్టుకుంది. సంచిలోంచి ఫోను తీసి, అందరి ఎదుటే ఎవరికో చేసింది. "బాబూ, నేను నెర్మిన్‌ని. మీరు రానక్కర్లేదు. మా పడవకి కెప్టెన్ ఉన్నాడు" అంది.

రుస్తెం గబగబా వంగి, వెనక తాడు రింగుకి వేయబోయాడు. నలభై ఏళ్ళుగా చూడకుండా వేసే ముడి, రెండుసార్లు వేసినా జారిపోయింది. అతను తలెత్తి సెనిహాని చూసి నవ్వాడు. 

"ఇప్పుడు వణుకుతోంది చూడు చెల్లెమ్మా, చెయ్యి" అన్నాడు.