చక్రాన్ని అడిగిన బావ

మా అక్క మొగుడు, మా బావ, పోయిన నెల కన్నుమూశాడు. పొద్దున షిఫ్టుకు బయల్దేరబోతూ బూట్ల లేసు కట్టుకుంటుంటే ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. కబురు తెలియగానే మా బాపు గోడకు ఒరిగి "నా కొడుకు పోయిండు" అని ఏడ్చాడు. కన్నకొడుకును, నేను పక్కనే నిలబడి ఉన్నాను. బావ గురించి నాలుగు మంచి మాటలు రాయమని అక్క అడిగింది. రాస్తాను. కానీ ఆయన మీద నాకున్న కుళ్ళును పక్కన పెట్టి రాయడం నా వల్ల కాదు.

బావది చొప్పదండి దగ్గర పల్లె. పెళ్ళైన కొత్తలో బదిలీ మీద గోదావరి దాటి మా బొగ్గుగనికే వచ్చాడు. ఆయనదీ నాదీ ఒకే డిప్లొమా, ఒకే ఎలక్ట్రికల్ సెక్షన్. వచ్చిన ఆదివారమే మటన్ కూరలో మూలుగున్న నల్లిబొక్క ఆయన కంచంలో పడింది. అంతకుముందు అది నాది. నన్ను కన్న అవ్వను అడిగితే "అల్లునికి పెట్టకుంటె ఎట్ల బిడ్డా?" అంది. ఆయన దాన్ని కంచం అంచుకు టకటక కొట్టి, తీరిగ్గా పీల్చి, "అత్తా, మస్తుంది" అనేవాడు. నేను పప్పు కలుపుకునేవాణ్ణి.

అసలు మంట వేరే ఉంది. మనుషుల్ని గనిలోకి దించే కేజ్ ఎంత లోతులో ఉందో అంకెల్లో చూపించే డబ్బా ఒకటి నేను తయారుచేశాను. కేజ్ తాడు నడిచే పెద్ద చక్రం ఇరుసుకు ఎన్‌కోడర్ బిగించాను. దాని లోపల సన్నటి గీతలున్న గాజు బిళ్ళ తిరుగుతుంది, గీత దాటినప్పుడల్లా ఒక లెక్క పడుతుంది. బాపు ఆ కేజ్‌లోనే రోజూ పనికి దిగేవాడు. ఆయన నోటి నుంచి ఒక్క శభాష్ వినాలని నా ఆశ. చిన్నప్పటి నుంచీ వినలేదు.

ఖాళీ కేజ్‌తో చూసినప్పుడు అంకె సరిగ్గా ఉంది. మనుషులు ఎక్కడం మొదలయ్యాక, షిఫ్టు అయ్యేసరికి కేజ్ పైకొచ్చి గట్టు మీద ఉన్నా నా అంకె ఇంకా భూమి లోపలే ఉందనేది. ఆపరేటర్ ఎప్పటిలాగే తాడు మీది రంగు గుర్తు చూసి ఆపేవాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, నా పరువు తప్ప. "మావోని డబ్బా అబద్ధాలు చెప్తది" అని బాపు అందరి ముందూ నవ్వాడు. నేను వైర్లు మార్చాను, ఎన్‌కోడరే మార్చాను. ఫలితం లేదు.

బావ ఏ స్క్రూ విప్పలేదు. షిఫ్టు మారే వేళ టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ, కేజ్ దిగే బావి, షాఫ్ట్ దగ్గర నిలబడ్డాడు. మా గనివాళ్ళు కేజ్‌కు దండం పెట్టుకుని, అందరూ ఒక్కసారే దబదబా ఎక్కుతారు. కేజ్ ఊగుతుంది. దాంతో పైన చక్రం వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ వణుకుతుంది.

"బామ్మర్దీ, కిందికా మీదికా అని నీ డబ్బా దేన్ని అడుగుతది?"

"ఆపరేటర్ హ్యాండిల్‌ను."

"జనం ఎక్కేటప్పుడు హ్యాండిల్ కిందికనే ఉంటది. చక్రం వణికినప్పుడల్లా నీ డబ్బా కిందికే లెక్క కడ్తది. హ్యాండిల్‌ను అడుగకు, చక్రాన్ని అడుగు."

ఎన్‌కోడర్‌లో గీతల్ని చూసే కళ్ళు రెండు, కాస్త ఎడంగా ఉంటాయి. ఏ కన్ను ముందు చూసిందో దాన్నిబట్టి దిక్కు తెలుస్తుంది. నేను ఒక్క కన్నే వాడాను. రెండూ కలిపితే ముందుకు వణికింది కూడుతుంది, వెనక్కు వణికింది తీసేస్తుంది. కేజ్ వేగంగా పోతున్నప్పుడు మా చిన్న ప్రాసెసర్ కొన్ని గీతల్ని వదిలేస్తోందని కూడా ఆయనే పట్టాడు. "లెక్కపెట్టేటోన్ని లెక్కనే పెట్టనియ్యి" అంటూ ఆ పనికి విడిగా కౌంటర్ చిప్ పెట్టించాడు. సోల్డరింగ్ అంతా నా చేతే చేయించి, ప్రతి తీగా ఎందుకో చెప్పాడు. అంత ఓపికగా నాకు ఇంకెవరూ ఏదీ నేర్పలేదు.

ఆ తర్వాత అంకె తప్పలేదు. "మా అల్లుడు జేసిండు" అని బాపు గనంతా చెప్పుకున్నాడు. బావ అడ్డం పడి "మామా, డబ్బా బామ్మర్దిదే" అన్నాడు. "నువ్వు గట్లనే అంటవ్, గందుకే నువ్వంటె నాకు పానం" అన్నాడు బాపు. మంచితనంలో కూడా నన్ను గెలవనివ్వలేదు ఆ మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది.

బావ దినాలు అయ్యాక, రిటైరైన బాపు నన్ను గనికి తీసుకుపొమ్మన్నాడు. ఆపరేటర్ గదిలో ఆ డబ్బా ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇగ గిది ఖరాబైతే ఎవలు జేస్తరు?"

"నేను చేస్త బాపూ."

నన్ను ఎగాదిగా చూశాడు. "నీకొస్తదా?"

నేను కట్టిన డబ్బా అది. అయినా "వస్తది. బావ నేర్పిండు" అన్నాను.

బాపు ముఖం మెత్తబడింది. నా భుజం మీద చెయ్యి వేశాడు. అంత బరువుగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. ఆ చెయ్యి కూడా బావ పేరు మీదే దొరికింది. కేజ్ కిందికి బయల్దేరింది, ఎర్రటి అంకెలు గబగబా మారుతున్నాయి. బాపు చెయ్యి తీస్తాడేమోనని నేను కదలకుండా నిలబడ్డాను.