కాదనడం నేర్పిన టీచరమ్మ

ఇంగ్లిషు చెప్పుకుని బతుకుదామని పరాయి దేశం వెళ్ళిన మనిషికి ఆ దేశమే "ఇంక మాకు మీ ఇంగ్లిషుతో పని లేదమ్మా" అంటే ఎలా ఉంటుందో టీచరమ్మకి ఒక సోమవారం పొద్దున తెలిసింది.

ఆ మాట అన్నది భాషల స్కూలు మేనేజరు. మంచివాడే. మంచివాడు కాబట్టే చెడు కబురు చెప్పే ముందు కుర్చీ చూపించి, కిటికీ మూసి, రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. టీచరమ్మ ఒప్పందం ఆ నెలాఖరుతో అయిపోతుంది. కొత్త కాగితం బల్ల మీదే ఉంది. సంతకం పెడితే ఇంకో రెండేళ్ళు.

"పెట్టమనీ అనను, వద్దనీ అనను మేడమ్," అన్నాడు, పాము చావకుండా కర్ర విరగకుండా. "కానీ చూస్తున్నారుగా. ఎవరి జేబులో చూసినా ఫోనే. ఇటు వాళ్ళ భాషలో మాట్లాడితే అటు ఇంగ్లిషులో వినపడుతోంది. మీకు ఏడు క్లాసులుండేవి, మూడయ్యాయి. లిఫ్టుల కంపెనీ వాళ్ళు కూడా వచ్చే పరీక్ష చూసి ఆలోచిస్తామంటున్నారు. పరీక్ష మూడు వారాల్లో, గురువారం. ఆ శనివారంలోగా మీ నిర్ణయం చెప్పండి."

టీచరమ్మకి నలభై తొమ్మిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఆమెకున్నది ఒక్క అక్క, పదేళ్ళు పెద్దది, తల్లిలా పెంచింది. అక్క మాట ఆమెకి శాసనం. ఏం చదవాలో అక్క చెప్పింది, సరే అంది. ఏ రంగు చీర నప్పుతుందో అక్క చెప్పింది, సరే అంది. పదకొండేళ్ళ కిందట పరాయి దేశం వెళ్ళమన్నదీ అక్కే. ఇప్పుడు తిరిగి రమ్మంటున్నదీ అక్కే. వాళ్ళ వీధిలోనే ఒక స్కూలు వాళ్ళు పెద్ద టీచరు కోసం చూస్తున్నారట. "మా చెల్లెలు వస్తుందని మాటిచ్చేశాను," అని ఫోనులో చెప్పేసింది. టీచరమ్మ యథాప్రకారం సరే అంది. ఆ తర్వాత గదిలో కూర్చుని, సరే అన్న మనిషికి గుండెలో ఎందుకంత బరువుగా ఉందో తెలియక, గిన్నెలన్నీ మళ్ళీ తోమింది.

నిజానికి ఆమెకీ అనుమానం పట్టుకుంది. ఒక రోజు ఎవరూ లేనప్పుడు ఫోనులో మాట్లాడి చూసింది. ఆ పాడు ఫోను ఆమె కంటే బాగా పలికింది. తడుముకోలేదు, విసుక్కోలేదు, జలుబు చేసిందని సెలవు పెట్టలేదు. ఇంక నేనెందుకు? దేశం కాని దేశంలో, పక్కింటివాళ్ళకి పేరు కూడా సరిగ్గా పలకడం రాని చోట, ఎవరికీ అక్కర్లేని సరుకు నెత్తిన పెట్టుకుని ఎన్నాళ్ళు తిరుగుతాను? ఈ ప్రశ్న ఆమెని బస్సులోనూ, మెట్ల మీదా, ఎక్కడికెళ్ళినా తినేసింది.

లిఫ్టుల కంపెనీ క్లాసు పొద్దున ఏడున్నరకి, విడిభాగాల గోదాము వెనక గదిలో. గోడకి ఆనించిన పాత లిఫ్టు తలుపే ఆమె బోర్డు. బెంచీల నిండా గ్రీజు. ఆ గదికి వెళ్ళొచ్చిన చున్నీ ఇంకెక్కడికీ వేసుకెళ్ళడానికి పనికొచ్చేది కాదు. ఎనిమిది మంది మెకానిక్‌లు. ఆ లిఫ్టులు తయారుచేసే ఇంకో దేశపు కంపెనీ కొత్త నియమం పెట్టింది. ఇంగ్లిషులో పరీక్ష నెగ్గినవాళ్ళే ఇకపై లిఫ్టు దారిలోకి దిగాలి. తక్కినవాళ్ళు గోదాములో కూర్చుని మరమేకులు అందించుకోవాలి.

ఎనిమిది మందిలో పెద్దాయనకి యాభై ఆరేళ్ళు. లిఫ్టు నడుస్తుంటే గోడకి చెవి పెట్టి, ఏ చక్రం అరిగిందో చెప్పేసేవాడు. అంతటి పనివాడు ఇంగ్లిషు దగ్గరికి వచ్చేసరికి నోట్లో నాలుక లేని మనిషైపోయేవాడు. "గోదాములో కూర్చోబెడితే నేను ఆర్నెల్లు బతకను మేడమ్," అని ఒకసారి వాళ్ళ భాషలో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళు నవ్వలేదు.

మేనేజరు చెప్పిన మర్నాడు టీచరమ్మ మనసు మనసులో లేదు. పాఠం మధ్యలో ఊరికే, మొహంలో ఏ మార్పూ లేకుండా, ఇంగ్లిషులో అనేసింది, "ఇవాళ సాయంత్రం మీరందరూ మేడ ఎక్కి కిందికి దూకాలి. సరేనా?"

"ఎస్ మేడమ్!" ఎనిమిది గొంతులూ ఒక్కసారే లేచాయి. పెద్దాయనైతే పుస్తకంలో రాసుకున్నాడు కూడా.

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. నెత్తి మీద టన్నుల బరువు వేలాడే చోట పనిచేసే మనుషులు వీళ్ళు. వాళ్ళ భాషలోకి మారి అడిగింది, "ఇప్పుడు నేనేమన్నానో అర్థమైందా?"

"లేదు మేడమ్," అన్నాడు పెద్దాయన. "అయినా మీరడిగితే కాదని ఎలా అంటాం? చదువు చెప్పేవారు కదా."

టీచరమ్మ గ్రీజు బెంచీ మీద అలాగే కూలబడింది. ఆ తప్పు ఎవరిదో ఆమెకి తెలుసు. మొదటి రోజు మొదటి పాఠం "ఎస్ మేడమ్". పదకొండేళ్ళుగా ఎన్ని వందల మందికి ఆ గంగిరెద్దు తల ఊపుడు నేర్పిందో! నేర్పకేం చేస్తుంది, ఆమెకి వచ్చిందే అది. పెద్దవాళ్ళకి ఎదురు చెబితే కళ్ళు పోతాయని విని పెరిగిన పిల్ల. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది గానీ అది ఇక్కడ రాయడం బాగుండదు.

మర్నాడు ఆమె పుస్తకం సంచిలోంచి తియ్యనే లేదు. "ఇవాళ ఒక్కటే పాఠం," అంది. "నేను అడుగుతాను. మీరు నో అనాలి." కుర్రవాళ్ళు సిగ్గుపడుతూ, మెలికలు తిరుగుతూ ఎలాగో అన్నారు. పెద్దాయన దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. "మీ అన్నం డబ్బా నాకివ్వండి," అందామె ఇంగ్లిషులో, చెయ్యి చాపి. ఆయన "ఎస్ మేడమ్" అంటూ రెండు చేతులతో ఇచ్చేశాడు.

ఆమె మూత తీసి, అందరి ముందూ కూర్చుని, సగం తినేసింది.

రెండో రోజూ అడిగింది. ఇచ్చాడు. మళ్ళీ సగం తినేసింది. "మీ ఇంటావిడ చెయ్యి చాలా మంచిది," అని మెచ్చుకుంది కూడా. గది గొల్లుమంది. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. మూడో రోజు ఆమె చెయ్యి చాపగానే ఆయన డబ్బాని పొట్టకి అదుముకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, గోదాములో ఇనప ముక్కలు మోగేంత గట్టిగా అరిచాడు, "నో!"

ఏడుగురూ బెంచీలు చరిచారు. పెద్దాయన కళ్ళు తెరిచి చూసుకున్నాడు. ఏమీ కూలలేదు, టీచరమ్మకి కోపమూ రాలేదు. ఇక పరీక్ష దాకా మిగిలిన రెండు వారాలూ అదే చదువు. ఆమె సూటు వేసుకున్న పెద్దమనిషిలా గొంతు మార్చి గద్దించేది, బతిమాలేది, తొందరపెట్టేది. వాళ్ళు "నో సర్, అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి," అనేవారు. విడిభాగాల పేర్లు, పదాలు చాలా మిగిలిపోయాయి. దానికి ఆమె లోలోపల భయపడుతూనే ఉంది.

గురువారం వచ్చింది. కంపెనీ ఆవరణలో శిక్షణ కోసం కట్టిన లిఫ్టు గోపురం దగ్గర రెండు జట్లు. ఒకటి ఆమెది. రెండోది వేరే శాఖది, ఫోనులోనే ఇంగ్లిషు నేర్చుకున్న ఎనిమిది మంది. పరీక్షకుడు లిఫ్టులు తయారుచేసే దేశంవాడు, పొడుగాటి మనిషి. ఆయన ఇంగ్లిషూ అరువుదే, మన ఇంగ్లిషులాగే. మొదటి భాగం విడిభాగాల పేర్లు. ఫోను జట్టు గడగడ చెప్పేసింది. టీచరమ్మ జట్టు తడబడింది, రెండు చోట్ల వేలు పెట్టి చూపించింది. పక్కనే నిలబడ్డ భాషల స్కూలు మేనేజరు ఆమె వైపు చూడకుండా ఆకాశం చూశాడు. ఆమె పెట్టె సర్దుకోవడం గురించి ఆలోచించడం మొదలుపెట్టింది.

రెండో భాగం ఏమిటో ఎవరికీ ముందు తెలియదు. పరీక్షకుడు వాకీటాకీ పట్టుకుని లిఫ్టు కింద ఉండే గుంటలోకి దిగిపోయాడు. లిఫ్టుకి అసలు కరెంటు ముందే తీసేయించాడు. ఆ సంగతి బయట మార్కులు వేసేవాళ్ళకి తప్ప పరీక్షకి వచ్చినవాళ్ళకి చెప్పలేదు. వాళ్ళని మూసిన గదిలో ఉంచి, పైన మెయిన్ స్విచ్ దగ్గరికి ఒక్కొక్కణ్ణే పంపారు. స్విచ్‌కి తాళం, తాళం చెవి పైకి వెళ్ళినవాడి చేతిలో. మాటలన్నీ ఆవరణలో స్పీకరులో వినపడుతున్నాయి.

గుంటలోంచి పరీక్షకుడి గొంతు వచ్చింది, "నేను కింద ఉన్నాను. స్విచ్ వెయ్యి. లిఫ్టు కిందికి దించు."

ఫోను జట్టులో మొదటివాడు "ఎస్ సర్" అన్నాడు. తాళం తిరిగిన చప్పుడు. రెండోవాడు ఇంకా చక్కగా, "తప్పకుండా సర్, ఇప్పుడే సర్," అన్నాడు. ఎనిమిది మందిలో ఒక్కడే ఆగాడు. తక్కిన ఏడుగురూ అందమైన ఇంగ్లిషులో పరీక్షకుణ్ణి ఏడుసార్లు చంపేశారు. మాట ప్రతి ఒక్కరికీ అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. కాదనడానికే నోరు రాలేదు.

టీచరమ్మ జట్టు వంతు. మొదటివాడు "నో సర్" అన్నాడు. ఆమె చున్నీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకడు "ఎస్" అనేశాడు. ఒకడు భయంతో మాటే లేకుండా నిలబడిపోయాడు. మొదటివాడితో కలిపి ఐదుగురు నో అన్నారు. చివర పెద్దాయన.

"స్విచ్ వెయ్యి."

"నో సర్."

"నేను పరీక్షకుణ్ణి! వెయ్యమంటున్నాను!" గుంట దద్దరిల్లింది.

స్పీకరులో ఆయాసం మాత్రమే వినపడింది. ముప్పై ఏళ్ళుగా, టై కట్టినవాడు కనపడితే చాలు, తల వంచిన మనిషి ఆయన. ఆయన ఎస్ అంటాడని ఆమెకి అనిపించింది. అన్నా తప్పు పట్టలేననీ అనుకుంది.

పెద్దాయన గొంతు నెమ్మదిగా వచ్చింది, ముక్కలు ముక్కలుగా, ఒక్కో మాటా మెట్టు ఎక్కినట్టు. "నో సర్. మీరు పరీక్షకుడు. తాళం చెవి నా దగ్గర. మీరు పైకి రండి. నేను కళ్ళతో చూస్తాను. అప్పుడు స్విచ్."

గుంటలోంచి నిచ్చెన మెట్ల చప్పుడు వినపడింది. పరీక్షకుడు పైకెక్కి వచ్చాడు, బట్టలు దులుపుకోకుండానే పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఇన్నేళ్ళలో నన్ను గుంటలోంచి బయటికి రప్పించినవాడివి నువ్వే," అన్నాడు. ఆమె జట్టులో నో అన్న ఆరుగురూ, ఫోను జట్టులో ఆగిన ఒక్కడూ నెగ్గారు. టీచరమ్మ ఏడ్చింది, దాచుకోలేదు. గర్వంగా ఉంది, చెప్పుకోలేనంత గర్వంగా.

శుక్రవారం లిఫ్టుల కంపెనీ నుంచి మేనేజరుకి కబురు వచ్చింది. ఓడినవాళ్ళకి రెండో అవకాశం, రెండు శాఖలకీ క్లాసులు, ఆ మేడమే కావాలి. శనివారం పొద్దున ఆమె వెళ్ళి, మేనేజరు ఇచ్చిన కలంతో ఒక్క గీతలో సంతకం పెట్టేసింది. సంతకం తేలికే. మెట్ల మీదికి వచ్చి, అక్క నంబరు రెండుసార్లు నొక్కి చెరిపేసి, మూడోసారి మోగనిచ్చింది.

"ఏమే, టికెట్టు తీసుకున్నావా?" అంది అక్క, హలో కూడా లేకుండా. "ఒకటో తారీకు చేరతావని స్కూలు వాళ్ళకి చెప్పేశాను."

"రానక్కా."

"ఏంటీ?"

"రావట్లేదక్కా. ఇంకో రెండేళ్ళు ఇక్కడే చెప్తాను. సంతకం పెట్టేశాను."

"నేను మాటిచ్చానే వాళ్ళకి! నా పరువేం కాను?"

మామూలుగానైతే ఇక్కడ సరే వచ్చేయాలి. గొంతు దాకా వచ్చింది కూడా. ఆమె మెట్ల కమ్మీ పట్టుకుంది. "నన్నడక్కుండా ఇచ్చావు. నువ్వే వెనక్కి తీసుకో అక్కా. నాకిక్కడ పనుంది. నాకది ఇష్టం."

అటునుంచి ఒక దగ్గు, దాని వెనక ఇంకేదో చప్పుడు. అది నవ్వని తెలియడానికి టీచరమ్మకి కాస్త టైము పట్టింది.

"నలభై తొమ్మిదేళ్ళు పట్టిందటే నీకు నోరు రావడానికి," అంది అక్క. "సరేలే."