ఏ కాలు ముందుకొస్తుంది?

తోపుడు మామయ్యకి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎదురుగా ఎవరి వీపు కనిపించినా తోసేస్తాడు.

అలాగని మన మీద పగా? అబ్బే! తోస్తాడు. మీరు బోర్లా పడబోయి, ఒక కాలు ముందుకేసి, ఎలాగో నిలదొక్కుకుంటారు. వెనక్కి తిరిగి తగిన తిట్టు వెతుక్కునేలోపే, "శభాష్, నిలబడ్డారు!" అని మీ చేయి పట్టుకుని ఊపేసి, ఏదో బహుమతి ఇచ్చినవాడిలా నడిచి వెళ్లిపోతాడు. ఆ తిట్టు మీ నోట్లోనే చల్లారిపోతుంది.

ఈ తోపుడుకి ఒక శాస్త్రం ఉంది. ఊరి చివర పెద్ద ఉప్పుకయ్య, సముద్రపు నీళ్లు నిలిచే మడుగు. నడుము లోతు నీళ్లు అద్దం పరిచినట్టుంటాయి, గాలి మాత్రం ఆరబెట్టిన చొక్కాని పక్క ఊళ్లో దించి వస్తుంది. ఆ ఒడ్డునే మామయ్య బోర్డుల దుకాణం. నడుముకి గాలిపటం తగిలించుకుని, కాళ్ల కింద బోర్డు పెట్టుకుని నీళ్ల మీద దూసుకుపోయే ఆట అక్కడ జరుగుతుంది. అందులో వేక్‌స్టైల్ అనేది మరీ మొండి ఆట. నీళ్లని తన్ని పైకి లేవాలి, గాల్లో ఒళ్లు తిప్పాలి, చేతిలోని బారుని, అంటే గాలిపటం తాళ్లు కట్టిన పట్టుకర్రని, వీపు వెనకనుంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకోవాలి, ఆపైన ధబీమని దిగాలి. ఆ దిగడం మెట్టు దిగినట్టుండదు, మేడ దిగినట్టుంటుంది. మామూలు పట్టీల్లోంచి పాదం ఊడి వచ్చేస్తుంది కాబట్టి, ఈ ఆటవాళ్లు బోర్డుకి స్క్రూలతో బిగించిన బూట్లు తొడుక్కుంటారు. వాటిలోకి దూరాలంటే సబ్బునీళ్లు కావాలి. బయటికి రావాలంటే దేవుడు దిగిరావాలి.

అలాంటి బోర్డూ బూట్లూ ఎంచాలంటే, ఆ మనిషికి సహజంగా ఏ కాలు ముందుంటుందో తెలియాలి. "మనిషిని అడిగితే గొప్పలు చెబుతాడు. చెప్పకుండా వెనకనుంచి తోస్తే, ముందుకొచ్చిన కాలు నిజం చెబుతుంది," అనేవాడు మామయ్య. అందుకని దుకాణానికి కొనడానికి వచ్చినవాళ్లని తోసేవాడు. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. ఏడాది కిందట జబ్బు ముదిరి ఊరి మీద పడ్డాడు.

మొదట బలైంది బ్యాంకు మేనేజరు గారి మీసం. సెలూన్ ఆయన ట్రిమ్మరు పట్టుకుని ఆ మీసాన్ని అటూ ఇటూ సమంగా దిద్దుతుండగా, మామయ్య వెనకనుంచి వచ్చి సెలూన్ ఆయన్ని తోశాడు. ఆయన కాలు ముందుకొచ్చింది, చేయీ ముందుకొచ్చింది, సగం మీసం వెనక్కి వెళ్లిపోయింది. మిగతా సగం కూడా తీయక తప్పలేదు. మర్నాడు బ్యాంకు కాపలావాడు మేనేజరుని గుమ్మం దగ్గరే ఆపి గుర్తింపు కార్డు అడిగాడు. ఇంట్లో ఆయన భార్య మంచినీళ్లిచ్చి, "కూర్చోండి, ఆయన వచ్చే వేళైంది," అందట.

ఆ తర్వాత ఊరు నడక మార్చుకుంది. జనం గోడలకి వీపులానించి ఎండ్రకాయల్లా పక్కకి నడవసాగారు. చొక్కాలకి సున్నం అంటీ అంటీ ఇస్త్రీ ఆయన మేడ మీద ఇంకో అంతస్తు లేపాడు. లిఫ్టులో అందరూ నాలుగు గోడలకీ అతుక్కుని మధ్యలో ఖాళీ వదిలితే, ఊరికి కొత్తగా వచ్చినాయన ఇదేదో డాన్సు కోసమనుకుని మధ్యలో నిలబడి రెండు స్టెప్పులేశాడు. వెనక జేబులు దొరక్క జేబుదొంగలు వేరే ఊరు చూసుకున్నారు. మామయ్య ఇంట్లో అత్తయ్య అయితే ఏకంగా పొయ్యినే తిప్పించి గుమ్మానికి ఎదురుగా పెట్టించుకుంది.

ఈ తోపులు అందరికంటే ఎక్కువ తిన్నది మాత్రం మేనకోడలు.

ఆమె కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తుంది. అద్దాలు బిగించే ముందు మనిషి నల్లగుడ్లు ఎక్కడున్నాయో, చూపు ఎటు పోతోందో కొలవడం ఆమె పని. సాయంత్రం షట్టరు దించి నేరుగా మామయ్య దగ్గరికొస్తుంది. గుమ్మంలో ఒక తోపు. చెప్పులు విడుస్తుంటే ఇంకోటి. ఫోను మాట్లాడుతుంటే వడ్డీగా మరొకటి.

రెండేళ్ల కిందట పోటీలో ఆమె గాల్లోంచి వంకరగా దిగింది. కాళ్లు బూట్లలో ఉండిపోయాయి, ఒళ్లు మాత్రం తిరిగింది, కుడి మోకాలు మధ్యలో నలిగింది. ఆపరేషన్ అయింది. చేతికర్ర పట్టుకుని నడిచింది, కర్ర మానేసింది, పరుగెత్తింది. బోర్డు ఎక్కొచ్చని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. ఇన్నాళ్లూ పట్టీల బోర్డు మీద కయ్యలో చక్కర్లు కొడుతోంది. కానీ వచ్చే ఆదివారం మళ్లీ పోటీ. అప్పుడు తనని స్ట్రెచరు మీద మోసుకెళ్లిన ఒడ్డు మీదికే, ఒక్క ఎగురు ఎగిరి, సొంత కాళ్లతో నడిచి రావాలని ఆమె పంతం. దానికి బూట్ల బోర్డు కావాలి. మామయ్యేమో ఇవ్వడు.

"ఇదెలా ఉంది మామయ్యా?"

మామయ్య ఆ బోర్డుని పక్కనుంచి ఒంటికన్నుతో చూశాడు. "వంపు ఎక్కువే. ఉయ్యాల తొట్టిలా ఉంది. ఎక్కావంటే నిద్రపోతావు."

"వేక్‌స్టైల్‌కి వంపుండాలని నువ్వే కదా అందరికీ చెప్పేది?"

"అందరికీ చెబుతాను. అందరూ నా మేనకోడళ్లా?"

"పోనీ ఇది? వంపు తక్కువేగా."

"ఇది ఇస్త్రీ బల్ల. దీని మీద దిగితే పళ్లు రాలతాయి. మీ కొట్లో కళ్లజోళ్లుంటాయి గానీ పళ్లుండవు."

"మరి ఇదో?"

"మరీ మెత్తన. నువ్వు ఎగరాలని నొక్కితే ఇది వంగి దణ్ణం పెడుతుంది."

మేనకోడలు పళ్లు కొరికి బూట్ల వరసలోకి వెళ్లింది. "ఈ బూట్లు?"

"వేళ్లు బయటికొస్తాయి. జలుబు చేస్తుంది."

"వేళ్లకి జలుబేంటి! సరే, ఇవి మూసున్నవి."

"ఊపిరాడదు."

"ఎవరికి?"

"పాదానికి!"

"ఈ జత బిగించు. నా కాలికి సరిగ్గా సరిపోయింది."

"స్క్రూలు లేవు."

"ఇవిగో స్క్రూలు, నేనే తెచ్చాను."

"స్క్రూడ్రైవరు లేదు."

"నీ చొక్కా జేబులో ఉంది!"

మామయ్య జేబులోకి తొంగి చూసుకుని, "ఇది వేరే పనులకి," అన్నాడు.

ఆమె విసురుగా అటు తిరిగింది. తిరగడమే ఆలస్యం, తోపు! ఎడమ కాలు ముందుకేసి నిలబడి, కళ్లెర్ర చేసింది. "చూడు మామయ్యా. రేపు సాయంత్రానికి బూట్లు బిగిస్తే సరే. లేదంటే అవతలి ఒడ్డు దుకాణంలో కొనుక్కుంటాను."

మామయ్య గుండె మీద చెయ్యేసుకున్నాడు. "వాడు తోయకుండానే అమ్మేస్తాడే!"

"అందుకే వాడి దగ్గరికెళతా!"

మర్నాడు సాయంత్రం ఆమె దుకాణానికొచ్చేసరికి లోపల పంచాయితీ జరుగుతోంది. ఆ పొద్దున పాలబూతు దగ్గర మామయ్య సెలూన్ ఆయన్నీ, మేనేజరు గారినీ ఒకే ఊపులో తోశాడట. సెలూన్ ఆయన పాల ప్యాకెట్టు మేనేజరు గారి బూటులో పగిలిందట. ఇద్దరూ వీపులు గోడకి ఆనించి, వేళ్లు చూపించి అరుస్తున్నారు. అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చుని వింటోంది.

"ఏడాది నుంచి తోయించుకుంటున్నాను," అన్నాడు సెలూన్ ఆయన. "పోనీ శాస్త్రమే కదా అని ఊరుకున్నాను. ఆ శాస్త్రం ఏం తేల్చింది? చెప్పండి. నాది ఏ కాలు?"

మామయ్య నీళ్లు నమిలాడు. "నీదా... కుడి."

"ఎడమ! ప్రతిసారీ ఎడమే! ఇదిగో, మా గడపకి గుద్దుకుని గోరు కూడా ఊడింది."

"ఆ, ఎడమే. నేననబోయింది అదే."

"మరి నాది?" అన్నాడు మేనేజరు.

"మీకు రెండూనండి. పెద్ద హోదా కదా."

మేనకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. మనుషుల చూపుని కొలిచే పిల్ల, కళ్లెదుట ఉన్న చూపుని ఏడాదిగా కొలవలేదు. మామయ్య సెలూన్ ఆయన్ని తోసినప్పుడు ఆకాశం చూస్తాడు. మేనేజరుని తోసినప్పుడు పాల ధర చూస్తాడు. ఎవరి కాళ్లవైపూ చూడగా ఆమె చూడలేదు. తనని తోసినప్పుడు మాత్రం ఆ బట్టతల ఎప్పుడూ కిందికే వంగి కనిపిస్తుంది. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఊరందరినీ రెండు చేతులతో తోసేవాడు, తనని ఒంటిచేత్తో తోస్తాడు. రెండో చెయ్యి, తను పడిపోకుండా, తన భుజం మీది సంచీ పట్టీని గట్టిగా పట్టుకుని ఉంటుంది.

"మామయ్యా," అంది. "నాది ఏ కాలు?"

మామయ్య తడుముకోలేదు. "ఆపరేషన్‌కి ముందు కుడి. తర్వాత ఎప్పుడూ ఎడమే. ఈమధ్య మెట్ల దగ్గర తోస్తే కుడికాలు కదిలింది. సగం దూరం వచ్చి, ఎందుకో జంకి ఆగిపోయింది. మళ్లీ ఎడమే వచ్చింది. అంతకుముందు వాన పడ్డరోజు..."

అక్కడికొచ్చాక తన నోరు ఎంత దూరం వచ్చేసిందో మామయ్యకి తెలిసింది. అటూ ఇటూ చూసి, చేతికందిన బోర్డుని తుడవడం మొదలెట్టాడు.

"దాచుకున్నది చాల్లెండి, చెప్పేయండి," అంది అత్తయ్య. "నా పొయ్యి తిప్పించుకున్నాను, నాకైనా ఫలితం దక్కనీయండి."

"అది కాదే తల్లీ," అన్నాడు మామయ్య బోర్డుకేసే చూస్తూ. "కాలెలా ఉందంటే బాగుందంటావు. నీ నోటికేం, అది ఎప్పుడూ బాగుందనే అంటుంది. ఆ కాలికి ఇంకా భయం పోలేదు. భయపడే కాలిని బూటులో బిగిస్తే అది మళ్లీ వంకరగానే దిగుతుంది. భయం పోయిందో లేదో నీకు తెలియకుండా చూడాలి. నిన్నొక్కదాన్నే తోస్తే నీకు అనుమానం వచ్చేస్తుంది, పంతానికి కుడికాలే వేస్తావు. అందుకని..."

"అందుకని ఊరంతటినీ తోశావా!"

"మరి? అందరితో పాటు నువ్వూ అయితే, మామయ్యకి పిచ్చి అనుకుంటావు గానీ, నిన్ను చూస్తున్నాననుకోవు కదా."

మేనేజరు పైపెదవి తడుముకున్నాడు. "అంటే నా మీసం..."

"మంచి పనికి పోయింది సార్," అన్నాడు మామయ్య.

మేనకోడలికి నవ్వొచ్చింది, నవ్వులోంచి ముక్కు ఎగపీల్పు వచ్చింది, ఈ రెంటినీ మింగబోతే ఎక్కిళ్లొచ్చాయి. అంతలో అసలు సంగతి తట్టి గతుక్కుమంది. "అయ్యో మామయ్యా! ఇప్పుడు నాకు తెలిసిపోయిందిగా! ఇంక నువ్వెప్పుడు తోసినా నేను కాచుకునే ఉంటాను. ఆదివారం లోపల ఎలా తెలుస్తుంది? మరి నా పోటీ..."

మాట పూర్తి కాలేదు. వెనకనుంచి దబ్బున ఒక తోపు. అది మామయ్య తోపు కాదు, మామయ్య ఎదురుగానే ఉన్నాడు. ఏడాది కాలంగా తిన్న తోపులన్నిటినీ రంగరించి, గోడ వెంబడే ఎండ్రకాయలా ఆమె వెనక్కి చేరిన సెలూన్ ఆయన తోసిన తోపు. అందులోనూ ఒంటిచేత్తోనే. రెండో చేత్తో సంచీ పట్టీ పట్టుకునే ఉన్నాడు.

ఆమె ముందుకు తూలింది. ఒక కాలు టక్కున నేల మీద పడింది. అందరి తలలూ ఒక్కసారి కిందికి వంగాయి.

కుడి కాలు. సగంలో ఆగలేదు, జంకలేదు. ఆ మోకాలు ఒళ్లు బరువంతా మోసుకుని, ఏమీ జరగనట్టు నిలబడింది.

"చూశారూ!" అని అరిచాడు మేనేజరు, లాభాల లెక్క తేలినవాడిలా. సెలూన్ ఆయన తన చేతులకేసి తానే ఆశ్చర్యంగా చూసుకున్నాడు. "అబ్బ, హాయిగా ఉందండీ! ఇన్నాళ్లూ మీరెందుకు మానలేదో ఇప్పుడు తెలిసింది."

మామయ్య బీరువా వెనక చెయ్యి పెట్టి గోనెపట్టా చుట్టిన బోర్డొకటి లాగాడు. దానికి బూట్లు అప్పటికే బిగించి ఉన్నాయి. వంపు ఆమె అడిగినంత. రెండు పాదాల మధ్య ఎడం ఆమె భుజాలంత. వేళ్లు చెరో పక్కకీ కాస్త తిరిగి ఉన్నాయి, ఆమె నిలబడే తీరు అదే. కుడి బూటు లోపల మడమ దగ్గర మెత్తటి పట్టీ కూడా కుట్టి ఉంది.

"ఇవి ఎప్పుడు బిగించావు?"

"నువ్వు చేతికర్ర మానేసిన రోజు," అన్నాడు మామయ్య. "స్క్రూలు అయిపోయిన మాట నిజమేనే. అన్నీ దీనికే పట్టేశాయి."

ఆదివారం ఊరు ఊరంతా ఒడ్డునే ఉంది. అలవాటు కొద్దీ వీపులానించుకోడానికి గోడ కోసం వెతికారు గానీ, ఒడ్డున గోడలెక్కడివి? సబ్బునీళ్లు పోసి మేనకోడలు బూట్లలోకి దూరింది. సెలూన్ ఆయన గాలిపటాన్ని పైకి వదిలాడు. ఆమె కయ్య నడిమధ్యకి దూసుకెళ్లి, నీళ్లని తన్ని లేచింది.

మామయ్య గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ఏడాదంతా ఆ కాళ్లనే చూసినవాడు, చూడాల్సిన క్షణంలో చూడలేకపోయాడు. నీళ్లు చెళ్లుమన్నాయి. ఎవరో కేక పెట్టారు.

"దిగిందా?" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

"దిగిందండీ," అన్నాడు సెలూన్ ఆయన.

"ఏ కాలు మీద పడింది? వంకరగా గానీ దిగలేదు కదా? మోకాలు ఎటు తిరిగింది? సరిగ్గా చూశావా?"

"కాళ్లు నేను చూడలేదండీ."

"మరి ఏం చూశావయ్యా!"

"మొహం చూశాను. అక్కడినుంచి ఇక్కడిదాకా పళ్లన్నీ కనిపిస్తున్నాయి. ఒక్కటి కూడా రాలలేదు."