సొరపాదు మీద చెప్పు

నేను అనుమానపు మనిషిని. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. పాలు పోయించుకున్నాక వేలు ముంచి, చుక్క గోటి మీద నిలుస్తుందో జారుతుందో చూడకుండా గిన్నె లోపలికి తీసుకెళ్ళేదాన్ని కాదు. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. ఎవరు గుడ్డ తెచ్చినా వాళ్ళ ఎదురుగానే కొలిచి, మళ్ళీ మాట రాకుండా వాళ్ళ చేతే ఔననిపించుకునేదాన్ని. నాకు దేవుడు ప్రత్యక్షమైనా ముందు రేషన్ కార్డు చూపించమంటానని మా ఆయన ఎగతాళి చేసేవారు.

అలాంటి నా చేతిలో మా అమ్మ మూడు సొరగింజలు పెట్టింది. తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. మా ఆయనకి పత్తి మిల్లులో గుమాస్తా పని. అద్దంకికి బస్సులో గంట దూరంలో ఒక ఊళ్ళో అద్దెకుండేవాళ్ళం. ఆ గింజలు మా నాయనమ్మ నాటి రకం. కాయ పొట్టిగా, లేతాకుపచ్చగా ఉండి, చెంచాడు నీళ్ళు కూడా పోయకుండానే ఉడికిపోయేది. ఏటా ఒక కాయని తీగ మీదే ఎండనిచ్చి అమ్మ గింజలు దాచేది. ఆ ఏడు అన్నయ్య పెరడంతా కలిపి గదులు వేయించడంతో ఆవిడకి పాదు పెట్టే చోటే లేకుండా పోయింది. దాచిన గింజల్ని ఎలుకలు తిన్నన్ని తిని మూడు మిగిల్చాయి.

"ఇవి పోతే ఇక రకమే పోతుందే. జాగ్రత్త" అంది అమ్మ. మా అమ్మ నన్ను జాగ్రత్త అనడం అదే మొదటిసారి. మామూలుగా ఆ మాట నేనే అందరికీ చెప్పేదాన్ని.

మూడింట్లో రెండు మొలవలేదు. ఒక్కటి మొలిచింది. సుబాబుల్ గుంజలు పాతించి, పైన పత్తికట్టె పరిపించి పందిరి వేయించాను. తీగ మనిషెత్తు లేచి, నులితీగలు చాచి పత్తికట్టెను అందుకుంది. వారానికోసారి ఎస్‌టీడీ బూత్ నుంచి అమ్మకి ఫోన్ చేస్తే, పిల్లలెలా ఉన్నారని కూడా అడక్కుండా, పాదు ఎక్కిందా అని అడిగేది.

మా పెరటి పిట్టగోడకి అవతల చర్చివాళ్ళ మిషన్ బళ్ళో పనిచేసి రిటైరయిన టీచరుగారు ఒక్కరే ఉండేవారు. ఆవిడ చేత్తో ఏం పెట్టినా బతికేది. ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుందని వీధంతా అనేవాళ్ళు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని గోడ దగ్గర నిలబడి, మా పాదుని నోరారా మెచ్చుకునేవారు. భలే పాకుతోందమ్మా, నిన్నటికీ ఇవాళ్టికీ జానెడు పెరిగిందని, చూపుడువేలు నిటారుగా చాచి మరీ చూపించేవారు.

మా వైపు తీగనిగానీ పిందెనిగానీ అలా చూపించరు. వేలు మడిచి చూపిస్తారు. చాచి చూపిస్తే పిందె రాలిపోతుందంటారు. మెచ్చుకోవడం కూడా అంతే. ఏదో ఉందిలే అనాలిగానీ బాగుంది అనకూడదు. ఆవిడ ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళే మనిషి. దిష్టి మీద నమ్మకం లేదు. నమ్మకం లేనివాళ్ళ నోటికి అడ్డేముంటుంది? ఆవిడ వేలు చాచినప్పుడల్లా నా గుండె గుభేలుమనేది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, ఇది లేత తీగాయె.

ఓ రోజు మా ఆయన పాత తోలుచెప్పు, ఎడమకాలిది, పొడుగాటి పురికొసతో పందిరి నుంచి పాదు మొదలు దాకా వేలాడదీశాను. సరిగ్గా పాదు పక్కనే, టీచరుగారి గోడకి ఎదురుగా. అదెందుకని ఆవిడ అడిగితే కాకుల కోసమని చెప్పాను. ఆవిడ చెప్పుని చూసి, నన్ను చూసి, కాఫీ తాగారు. అర్థమైందో లేదో అని ఆ రోజంతా ఆలోచించాను.

ఆషాఢంలో పడమటి గాలి ఎలా కొడుతుందో మా మెట్ట ఊళ్ళవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక రోజంతా కొట్టింది. మర్నాడు పొద్దున్న పెరట్లోకి వెళ్తే, భూమికి జానెడు ఎత్తున తీగ విరిగి, ఓ పక్క నార మీద వేలాడుతోంది. ముందు ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది. ఎవరి చేతులు చేశాయో ఆ చేతులు పడిపోనూ అని, వీధి చివరిదాకా వినిపించేలా శాపనార్థాలు పెట్టాను.

గాలి అనుకోవచ్చుగా? అనుకోలేదు. గాలికైతే తీగ పైన తెగాలి, ఇలా కింద కోసినట్టు గాటుపడి ఎందుకు విరుగుతుంది? నా బుర్ర అలాగే పనిచేసేది. అంతలో టీచరుగారు పాత నూలుచీర పీలిక ఒకటి పట్టుకుని గోడ దగ్గరికొచ్చారు. కంగారు పడకమ్మా, నార ఇంకా ఉంది, బతుకుతుంది అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పిలవకుండానే వచ్చింది చూడు అనుకున్నాను. అనుకుని ఊరుకున్నా బాగుండేది.

"మీ కళ్ళు పడ్డ రోజే అనుకున్నానండీ, ఇలా అవుతుందని" అన్నాను.

ఆవిడ ముఖం ఒక్కసారి పాలిపోయింది. తర్వాత, బళ్ళో పాఠం చెప్పినట్టే నెమ్మదిగా చెప్పారు.

"బిగించి కట్టకు. విరిగినచోటికి పైనున్న కణుపుని నేలకి వంచి తడిమట్టి కప్పు. అక్కడ వేళ్ళు పోసుకుంటుంది. పెద్దాకులు రెండు తుంచెయ్యి."

పీలిక గోడ మీద పెట్టి లోపలికెళ్ళిపోయారు.

నేను ఆ పీలిక ముట్టుకోలేదు. కుట్టుమిషను దారం నాలుగు పేటలు వేసి, నా పద్ధతిలో గట్టిగా బిగించాను. ఎండెక్కేసరికి తీగ తలవాల్చేసింది. దారం నారని కూడా కోస్తోంది. అప్పుడిక గతిలేక దారం విప్పి, ఆవిడ పీలికనే వదులుగా చుట్టి, తీగని వంచి కణుపు మీద తడిమట్టి కప్పాను. కప్పుతూ కూడా, ఇది కుళ్ళబెట్టే ఉపాయమేమో అనుకున్నాను. ఛీ, ఏం బుద్ధో నాది!

తాటాకు నీడ పెట్టి, పొద్దునా సాయంత్రం చెంబుడు నీళ్ళు పోశాను. ఆ వారం అమ్మకి ఫోన్ చెయ్యలేదు. టీచరుగారు గోడ దగ్గరికి రావడం మానేశారు. కాఫీ ఇంట్లోనే తాగుతున్నట్టున్నారు. వీధిలో ఎదురుపడ్డా మా గుమ్మం వచ్చేసరికి తల దించుకుని నడిచేవారు. తప్పు చేసిన మనిషిలా ఆ నడకేంటని నా అనుమానం ఇంకో మెట్టెక్కింది.

తొమ్మిదో రోజున చివర చిన్న నులితీగ మెలితిరిగి కనబడింది. మట్టి కాస్త కదిపి చూస్తే కణుపు చుట్టూ తెల్లటి వేళ్ళు. ఆనందం పట్టలేక, దిష్టిచెప్పుని ఇంకొంచెం ఎత్తున కడదామని స్టూలెక్కాను. చెప్పుని పైకి లాగి చూస్తే, మడమకి ఎప్పుడో కొట్టించిన మేకు ఒకటి అరంగుళం బయటికొచ్చి ఉంది. దాని మీద పచ్చటి పసరు ఎండి, సొరతీగ నూగు అంటుకుని ఉంది. చెప్పుని మళ్ళీ కిందికి వదిలి, కొస పట్టుకుని ఊపి చూశాను. తీగ విరిగిన చోటికి సరిగ్గా వచ్చి ఆగింది.

స్టూలు మీదే కూర్చుండిపోయాను. ఆవిడ కంటికి అడ్డంగా నేను కట్టిందే నా పాదుని కోసింది. చెప్పుని పీకి పెంటకుప్పలో పారేశాను. కానీ ఆ వెంటనే వెళ్ళి చెప్పానా? లేదు. నెల్లాళ్ళు పట్టింది. తప్పు ఒప్పుకోవడానికి మనిషికి ఎన్ని పనులు అడ్డొస్తాయో!

మొదటి పిందె వేసినప్పుడు అమ్మకి ఫోన్లో అంతా చెప్పాను. అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చివరికి, ఆ పిందె కొయ్యకు, విత్తనానికి ఉంచు, ముందు ఆవిణ్ణి పిలిచి చూపించు అంది.

వెళ్ళి మేకు సంగతి చెప్పాను. టీచరుగారు కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. క్షమించమని అడిగితే చీర కొంగు సర్దుకున్నారు.

"పోనీలేమ్మా. నేను చూడకుండానే బాగా కాస్తోందిగా" అన్నారు.

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. వచ్చారు. పందిరి కిందికి వచ్చి కూడా నేల మీదే చూపు పెట్టుకుని నిలబడ్డారు. ఇంతకుముందు గోడ అవతల నుంచి ఆకులు లెక్కపెట్టిన మనిషి.

నేను చూపుడువేలు నిటారుగా చాచి, ఆ ఒక్క పిందెనీ చూపించాను. ఇదిగో, విత్తనానికి ఉంచింది ఇదేనండీ, చూడండి అన్నాను. ఆవిడ ముందు నా వేలు చూశారు. తర్వాత నెమ్మదిగా తలెత్తి పిందెని చూశారు.

"చాలా బాగుందమ్మా" అన్నారు.

నిజం చెప్పొద్దూ, మర్నాడు తెల్లారి లేస్తూనే ముఖమైనా కడుక్కోకుండా పందిరి దగ్గరికి పరిగెత్తాను. పిందె ఉంది.