ఢోలు ఆగే గడి

మొన్న మా మనవరాలు దోస్తు పుట్టినరోజుకు పోయి, వాళ్ళిచ్చిన అట్టడబ్బా ఒకటి చంకల పెట్టుకొని ఇంటికొచ్చింది. విప్పి నేల మీద పరిస్తే లోపల నున్నటి అట్ట, దాని మీద తబలా, సన్నాయి, గిటారు బొమ్మలు, రంగురంగుల గడులు. పాచిక వేసి ఏ బొమ్మ మీద పడితే ఆ బాజా చప్పుడు నోటితోని తియ్యాలె, తీస్తే ముందుకు, తియ్యకుంటే ఆడనే, గింతే ఆట. నాకు సదువు రాదు, సంతకం దాకనే వచ్చు, అయినా బొమ్మలు చూసి అర్థం చేసుకున్న. చేసుకున్నంక నవ్వొచ్చింది. ఎందుకంటే గిట్లాంటి ఆట నేను ఎప్పుడో చేసిన, మా పిల్లలు గోడ పట్టుకొని నడిచే దినాలల్ల, శాలిబండల, చినిగిన దుప్పటి ముక్క మీద. కాకపోతే నా ఆటల చప్పుడు ఎక్కడ తియ్యాలె అనుడు కంటే ఎక్కడ ఆపాలె అనుడే ముఖ్యం. సరదాకు చేసిన ఆట కాదది, భయానికి చేసింది. అదేందో చెప్పు నాయనమ్మా, రాస్త అన్నది మనవరాలు. నేను చెప్తున్న, అది రాస్తున్నది. నా ఈడోళ్ళు ఎవరన్న చదివితే వాళ్ళకు ఆ దినాలు యాదికొస్తయి.

మా ఆయన బ్యాండుపార్టీల పెద్ద ఢోలు కొట్టేటోడు. ఎర్రకోటు, దానికి ఇత్తడి గుండీలు, ఆ గుండీలు చింతపండు పెట్టి తోమేది నేను. పెద్ద ఢోలు కొట్టుడంటే ఊకె కొట్టుడు కాదు, అది నడిస్తేనే క్లారినెట్టు నడుస్తది, చిన్న డ్రమ్ములు నడుస్తయి, అది ఆగితే అందరు ఆగాలె. మా పాతబస్తీ గల్లీలల్ల బారాత్ పోయేటప్పుడు, ఎవరి పెండ్లైనా సరే, మసీదు ఇంకింత దూరం ఉండంగనే చప్పుడు ఆపి, కర్ర చంకల పెట్టుకొని, చెప్పుల చప్పుడు గూడ వినపడకుంట దాటి, దాటినంక మళ్ళ ఎత్తుకోవాలె. దర్గా కాడ గట్లనే, పురుళ్ళు పోసే చిన్న దవాఖాన కాడ గట్లనే. ఇవి ఎవరు రాసిపెట్టిన కానూన్లు కావు, ఒకళ్ళను చూసి ఒకళ్ళు నేర్చుకున్నయి.

ఒక ఏడు ఇంకో బ్యాండోళ్ళు, తోవ ఎరుక లేనోళ్ళు, ఆపాల్సిన కాడ ఆపలేదు. మాటకు మాట పెరిగింది, రాయి ఎవడు ముందు ఎత్తిండో ఎవరికీ తెల్వదు, ఇగ దినాలకొద్ది కర్ఫ్యూ. పాలు లేక పిల్లలకు గంజినీళ్ళు తాపిచ్చిన, దీపం పెట్టాలన్నా కిటికీకి చద్దరు కట్టి పెట్టేది. ఆ పార్టీల ఢోలు కొట్టేటోడు మా ఆయనకు దోస్తు. ఆ దోస్తు ఢోలు ముందుగాల వాళ్ళింటికొచ్చింది, తోలు చినిగి. మనిషి మస్తు దినాలకు దవాఖానకెల్లి వచ్చిండు, కుడిచెయ్యి మళ్ళ భుజం దాటి లేవలేదు.

అప్పటికెల్లి బారాత్ ఉన్న పొద్దు మా ఆయన అన్నం ముద్ద నోట్ల పెట్టుకునేటోడు కాదు. కంచం ముందర కూసొని వేళ్ళతోని గడప మీద తాళం కొట్టేటోడు, నడుమ నడుమ ఆపేటోడు, నేను ఆ ఆగుడు చూసి ఇప్పుడు మసీదు దాటుతున్నడు, ఇప్పుడు దవాఖాన దాటుతున్నడు అనుకునేదాన్ని. ఆయన ఫికర్ ఆయన చెయ్యి గురించి గాదు. పార్టీల కొత్తగ చేరినోళ్ళు పాలమూరు దిక్కు మనుషులు, వాళ్ళకు మా గల్లీలు తెల్వవు. ఇగ మా మరిది క్లారినెట్టు ఊదేటోడు, పుట్టింది పెరిగింది శాలిబండలనే గని ఊదుడు మొదలువెడితే కండ్లు మూసుకునేటోడు. కండ్లు మూసుకున్నోనికి మసీదేంది, దవాఖానేంది.

చెప్తే చెవికెక్కదు, ఎవరితోనన్న రాపిద్దామంటే చదివేటోడు లేడు. యాకుత్‌పురా స్టేషన్ ఎనుక మా పుట్టింట్ల మా నాయనమ్మ బట్ట మీద గవ్వలేసి పచ్చీసు ఆడేది, నాకు అది యాదికొచ్చింది. దుప్పటి ముక్క పరిచి బొగ్గుతోని మా తోవ గీసిన, ఎన్ని వంకర్లున్నయో అన్ని వంకర్లతోని, తోవంత గడులు చేసిన. కొట్టుకుంట పోయే గడికి పచ్చదారం కుట్టిన, ఆపాల్సిన గడికి ఎర్రదారం. మొదటి గడి మా ఇల్లు, ఆఖరు గడి పెండ్లిపిల్ల ఇల్లు. పాచికలకు చింతగింజలు అరగదీసిన. ఆటకాయలు చేసుడే నాకు మస్తు ఇష్టమైన పని. సోడామూత మీద పాత ఢోలు తోలు ముక్క అంటిస్తే పెద్ద ఢోలు, కందికట్టెకు నల్లరంగు పూసి సూదితోని తూట్లు పొడిస్తే క్లారినెట్టు, కుంకుడుగింజలు రెండు దారానికి గుచ్చితే తాళాలు. పచ్చగడి మీద ఉన్నోడు నోటితోని వాయించాలె, ఎర్రగడి మీద నోరు మూసుకోవాలె. ఎర్రగడి మీద కిక్కుమన్నా సరే, ఆటకాయ మొదటి గడికి వాపస్. పచ్చగడి మీద ఊకె నోరు మూసుకున్నోన్ని మాత్రం పెండ్లోళ్ళు తిట్టినట్టు లెక్క, రెండు గడులు ఎనుకకు.

బారాత్ లేని దినం అందరు మా అరుగు మీద చేరి ఆడేటోళ్ళు. ఎర్రగడి మీద ఎదుటోన్ని నవ్వియ్యాలని ఒకడు మూతి వంకర పెడ్తె ఇంకొకడు చెవులు ఆడిచ్చేటోడు. మా మరిది ఎప్పుడూ ఓడేటోడు, ఓడినప్పుడల్ల నా మీద పడేటోడు. "వదినా, గీ ఆటల పెండ్లోళ్ళు నువ్వే, పోలీసోళ్ళు నువ్వే, నేను వాయించేదెప్పుడు?" అనేటోడు. మా అత్త లోపల ఉండే, ముందుగాల కండ్లు తెరిసి వాయించు బిడ్డా అనేది. కొన్ని దినాలకు పాలమూరోళ్ళకు ఏ మూల మీద ఏముందో నిద్రల లేపి అడిగినా చెప్పెటట్టయింది. అప్పుడు మా ఆయన కొద్దిగ అన్నం తినుడు మొదలువెట్టిండు.

సంగతి యాదికొచ్చింది గనుక చెప్తున్న, బొమ్మల దుకాణమాయన ఒకడు ఆ బట్ట చూసి, ఇసొంటివి కుట్టియ్యి అక్కా, అమ్ముత, కాకపోతే ఆ ఎర్రగడులు తీసెయ్యి, పిల్లలకు చప్పుడే గావాలె అన్నడు. తీసేసి కొన్ని కుట్టిచ్చిన. పిల్లలు ఒక పూట లొల్లి చేసి ఇడిసిపెట్టిండ్రంట. భయం లేని ఆట ఉప్పులేని కూర లెక్కుంటదని ఆయనకేం తెలుసు.

ఇగ ఆ దినం సంగతి. పెండ్లిపిల్లగాని ఇల్లు మా పక్క గల్లీల. సాయంత్రం అసర్ నమాజు అయినంక బారాత్ ఎల్లింది. మా ఇల్లు ఎత్తు మీదుండె, మిద్దె ఎక్కితే కింది గల్లీల చప్పుడంత వినపడేది. ఎందుకు బుద్ధి పుట్టిందో ఏమో, నేను ఆ బట్ట తీస్కపోయి మిద్దె మీద పరిచి, ఢోలు కాయ మొదటి గడిల పెట్టిన. ఆయన కొట్టుకుంట పోతుంటే నేను కాయ జరుపుకుంట పోతున్న. ఢోలు ఆగింది, ఎర్రగడి, మసీదు. మళ్ళ మోగింది, జరిపిన. ఆగింది, దవాఖాన. మోగింది. నా ప్రాణం నెమ్మదిగుంది. ఆయన నా కండ్ల ముందర నడుస్తున్నట్టే ఉంది.

కట్టెల అడితి ముందర జాగ పెద్దగుంటది. ఆడ బారాత్ నిలబడి, పెండ్లోళ్ళు ఎగిరి దుంకి, బ్యాండు ఉన్న బలమంత పెట్టి వాయించాలె. బట్ట మీద అది పచ్చగడి, దానికి నేను రెండు వరుసల పచ్చదారం కుట్టిన. సరిగ్గ ఆడ, పాట నడుమ, క్లారినెట్టు గొంతు పిసికినట్టు ఆగింది. దాని ఎనుక ఢోలు ఆగింది.

ఇప్పుడు మోగుతది, ఇప్పుడు మోగుతది అనుకున్న. మోగలేదు. దూరంకెల్లి మనుషుల అరుపులు వచ్చినయి, ఏమంటున్నరో తెల్వదు. అంతల ఒక దుకాణం షట్టర్ కిందికి గుంజిన చప్పుడు. ఇంకొకటి. మా పాతబస్తీల పుట్టి పెరిగినోళ్ళకు చెప్పాల్సిన పని లేదు, షట్టర్లు ఒకదాని ఎనుక ఒకటి పడే చప్పుడు విన్నంక ఆడిది చేతుల పని చేతులనే ఇడుస్తది. కింద మా అత్త పిల్లలను లోపలికి గుంజుకొని గొళ్ళెం పెట్టింది. నేను మిద్దె మీదనే, బట్ట ముందర ఉండిపోయిన.

పక్క మిద్దె మీద ఆరేసిన బట్టలు తీస్తున్న ఖాలా, మా ఆయనకు తల్లి లెక్క ఆమె, నడుమ పిట్టగోడ దాటి వచ్చింది. ఆమె కొడుకు ఆ దిక్కే గాజుల బండి పెట్టుకునేటోడు. బట్ట మీద ఢోలు కాయ ఎక్కడుందో చూసింది, ఆడ మసీదు గూడ లేదు గదా అన్నది, నా పక్కన కూలబడి తస్బీ పూసలు తిప్పుకుంట కూసున్నది. కింద గల్లీల ఒకడు ఉరుక్కుంట పోయిండు, ఏమైంది భాయ్ అని ఖాలా పిట్టగోడ మీదికెల్లి వంగి అడిగితే, లోపలికి పోండ్రి అమ్మా అని మాత్రం అన్నడు. మా ఆయన కుడిచెయ్యి నా కండ్లల్ల మెదిలింది. ఢోలు ఒక్కటే ఇంటికొస్తదేమో అనిపించింది. మగ్రిబ్ అజాన్ అయింది, ఆకాశం నల్లబడ్డది, చప్పుడు లేదు. ఇగ నాతోని కాలేదు, బట్ట మడుద్దామని ఢోలు కాయ మీద చెయ్యి వేసిన. ఖాలా నా మణికట్టు పట్టుకున్నది.

"ఎత్తకు బేటీ. ఆడనే ఉండనియ్యి. మనం ఎత్తొద్దు."

గా కాయ ఎత్తితే ఆ మనిషి లేకుంట పోతడని ఆమెకు నిజంగనే భయం, నాకు గూడ. అట్లనే కూసున్నం, నాలుగు చేతులు ఒక బట్ట మీద పెట్టి. దీపాలు పెట్టినంక చాన సేపటికి ఎనుక గల్లీకెల్లి మెల్లగ అడుగుల చప్పుడు వినపడ్డది. ముందుగాల ఖాలా కొడుకు వచ్చి అమ్మీ అని పిలిచిండు, ఆమె తస్బీ ఆడనే ఇడిసిపెట్టి ఉరికింది. వాని ఎనుక మా ఆయన, మా మరిది. ఢోలు వీపు మీదుంది, ఎర్రకోటు భుజం కాడ చినిగింది, రెండు గుండీలు లేవు. చెయ్యి మంచిగనే ఉంది. నేను మెట్లు దిగి ఆ చెయ్యి పట్టుకొని చూసిన, తర్వాతనే మొఖం చూసిన.

జరిగింది తర్వాత తెలిసింది. అడితి పక్కన ఒక ఇంటి గోడకు, మయ్యత్‌ను, అంటే పీనుగను, మోసే మంచం అప్పుడే మసీదుకెల్లి తెచ్చి ఆనిచ్చి పెట్టిండ్రంట. అది చూసింది మా మరిది, కండ్లు మూసుకొని ఊదే మా మరిది. చూసి ఆపిండు, ఎందుకని అడగకుంట మా ఆయన ఆపిండు. పెండ్లోళ్ళకు కోపమొచ్చింది, ఆడుకునే కాడ ఆపుడేంది, ఎవరి దిక్కు మీరు అని కాలర్ పట్టుకున్నరు. అరుపులు విని ఆ ఇంటోళ్ళు బయటికొచ్చిండ్రు, కొట్లాటనుకొని షట్టర్లు పడ్డయి. అటు వాళ్ళు, ఇటు వీళ్ళు, నడుమ మావోళ్ళు. మా ఆయన మాత్రం ఢోలు నేల మీద పెట్టి దాని పక్కన చతికిలబడి కూసున్నడు. ఆయనను చూసి పార్టీ అంత కూసున్నది. ఎవరు ఎంత అరిచినా లేవలేదు. ఆఖరుకు పెండ్లిపిల్లగాని నాయనమ్మ కారు దిగి, ఆ మంచం చూసి, కొంగు తల మీదికి గుంజుకొని ముందుగాల నడిచిందంట. ఆమె ఎనుక అందరు చప్పుడు లేకుంట పెండ్లిపిల్ల ఇంటి దాకా నడిచిండ్రు. ఆ పెండ్లోళ్ళు మళ్ళ మా పార్టీని పిలువలే.

ఆయన చెంబెడు నీళ్ళు తాగి, మిద్దె ఎక్కి, పరిచి ఉన్న బట్టను చూసిండు.

"నీ బట్టల చావు ఇల్లు లేదే," అన్నడు.

"దాన్ని ఏడ కుట్టాలె? ఇయ్యాల ఈడుంటది, రేపు ఆడుంటది," అన్న.

తెల్లారి నేను చావు ఇంటికి గుర్తుగ ఒక నల్లగుండీ తెచ్చిన. ఆట మొదలు కంటే ముందు ఆ గుండీ పైకి ఎగిరేసి, ఏ గడిల పడితే ఆ గడిల ఆ పూటకు నోరు మూసుకోవాలె, అది పచ్చదైనా సరే. పిల్లలకు అదే మస్తు నచ్చింది, నాకే ఆ గుండీ పైకి లేచినప్పుడల్ల గుండె ఆగేది. మా ఇంటి గడి మీద పడుతదేమోనని గాలిలనే పట్టుకునేదాన్ని. తొండి అని పిల్లలు లొల్లి చేసేటోళ్ళు.

ఆయన పోయి ఏండ్లయింది, బ్యాండుపార్టీ చెదిరిపోయింది. ఇప్పుడు పెండ్లిళ్ళన్నీ చాంద్రాయణగుట్ట దిక్కు ఫంక్షన్ హాళ్ళల్ల, గల్లీలల్ల నడిచి పోయేటోళ్ళే లేరు. నా కొడుకు ఆ దిక్కే కరెంటు సామాను దుకాణంల పనిచేస్తడు, బండి మీద వస్తడు. జర ఆలస్యమైతే మా కోడలు ఫోన్ల చూసి, ఇగో అత్తమ్మా, బ్రిడ్జి కింద ఉన్నడు అని నీలంరంగు చుక్క ఒకటి చూపిచ్చి నిమ్మలంగ రొట్టెలు చేసుకుంటది. నేను ఆ చుక్కనే చూసుకుంట కూసుంట. అది ఆగుతది, ఎందుకు ఆగిందో చెప్పదు. మా ఆయన ఢోలు వింటే ఆకలిగున్నడో, కోపంగున్నడో, చెయ్యి నొస్తున్నదో తెలిసేది, ఈ చుక్కకు చెయ్యి లేదు.

ఖాలా పోయినంక వాళ్ళోళ్ళు మీద అంతస్తులు లేపిండ్రు, మా మిద్దెకు ఆ మిద్దెకు నడుమ ఇప్పుడు ఎత్తు గోడ. ఆ గోడ అవుతల ఆమె మనవని పెండ్లాం గూడ సాయంత్రం పూట గిట్లనే ఫోన్ల చుక్క చూసుకుంట కూసుంటదట, మా కోడలే చెప్పింది. ఆమె భయం ఆమెకు, నా భయం నాకు. పక్కన కూసుందాం రా అని నేను పిలువలే, ఆమె పిలువలే.